దాలమ్మ కాపలా

“అయిదేళ్ల గుంటడు బాబూ! నాలుగు మెట్లెక్కితే ముసిలోడిలాగ రొప్పుతన్నాడు. ఇదంతా దీని మూలానే,” అంది దాలమ్మ, కోడలి వైపు వేలు చూపిస్తూ.

కోడలు నీలవేణి తల దించుకుంది. ఆమె ఒళ్లో నెల పాప నిద్రపోతోంది. పక్కన కొడుకు సాయికుమార్ భుజాలెగరేస్తూ గాలి పీలుస్తున్నాడు. పలాసలో ఆ క్లినిక్‌కి తలుపులు మూసినా జీడిపిక్కల బట్టీల ఘాటు లోపలికి వస్తూనే ఉంది.

దాలమ్మ కొంగుతో కళ్లూ ముక్కూ తుడుచుకుంది.

“ఏడవకండమ్మా, మందులున్నాయి,” అన్నాడు డాక్టర్ ఉదయశంకర్. స్టెతస్కోపు చెవులకి తగిలించుకుని పిల్లాడి వీపు మీద ఆనించాడు.

దాలమ్మ ఆగే మనిషి కాదు. “నానెలా పెంచినానో ఊరందర్నీ అడుగు బాబూ! మూడు నెల్లు నా సేత్తోనే నీళ్లోసినాను. ఒక్క పూట మానలేదు. ముక్కూ సెవులూ ఊది, సాంబ్రాణి ఏసి, పువ్వులాగ పెంచినాను. ఇదేమో రెండో నెల నిండకుండానే బట్టీకి జీడిపిక్కలు కొట్టడానికి ఎలిపోనాది.”

డాక్టర్ స్టెతస్కోపు తీశాడు. “పసితనంలో వీడికి ఏదైనా గట్టిగా జబ్బు చేసిందా?”

“రెండో నెల్లోనండి,” అంది నీలవేణి. “ఊపిరాడక టెక్కలి ఆసుపత్రిలో ఆరు రోజులున్నాం. ఆక్సిజన్ పెట్టారు.”

“అదే అయ్యుంటుంది. పెద్దవాళ్లకి మామూలు జలుబు తెచ్చే వైరస్సే పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అలా దెబ్బతిన్న పిల్లల్లో కొందరికి తర్వాత ఇలా ఉబ్బసం వస్తుంది. పొగ తగిలితే ఇంకా రేగుతుంది. అప్పట్లో ఇంట్లో ఎవరికి జలుబుండేది?”

“ఇంకెవరికి బాబూ! నలభై మంది ఆడోళ్ల మజ్జిన కూకుని వచ్చింది ఇదే కదా!”

తనకి జలుబు చేసినట్టు గుర్తులేదని చెప్దామనుకుంది నీలవేణి. అయిదేళ్ల నాటి జలుబు ఎవరికి గుర్తుంటుంది? తల్లి లేని పిల్ల, రెండు పురుళ్లూ అత్తే పోసింది. ఎదురు మాట్లాడితే కృతజ్ఞత లేదంటారు.

“నేనేనేమోనండి,” అంది.

ఆ ఒక్క మాట కోసమే కాచుకున్నట్టు దాలమ్మ తలాడించింది.

డాక్టర్ పాప వైపు చూశాడు. “దీన్నైనా జాగ్రత్తగా చూసుకోండి. జలుబున్న వాళ్లెవరూ దగ్గరికి రాకూడదు.”

“ఆ కాపలా నాకొగ్గెయ్యి బాబూ,” అంది దాలమ్మ ముక్కు ఎగబీలుస్తూ. పాపం, ఆ దుఃఖం చూసి డాక్టర్ ఆమెకి మంచినీళ్లు ఇప్పించాడు.

ఊరు చేరగానే కాపలా మొదలైంది. “ఒలే, పాలిచ్చినంతసేపే గుంటని ముట్టు. మూతికి గుడ్డ కట్టుకో. ఆపైన ఈ గది గుమ్మం తొక్కకు.”

నీలవేణి భర్త వైపు చూసింది. దిలీప్ ఫోన్లోంచి తలెత్తి, “అమ్మ చెప్పినట్టు విను,” అన్నాడు. ఆ ఇంటి మగాడి తీర్పు అంతటితో సరి.

ఆమె మూతికి గుడ్డ కట్టుకుని వసారాలో కూర్చుంది. పాప ఏడ్చినప్పుడల్లా జాకెట్టు తడిసిపోయేది. లేవబోయేది, మళ్లీ కూలబడేది. కన్నబిడ్డల పాలిట తనే విషమైపోయానని కుమిలిపోయింది.

మర్నాడు పొద్దున్న వాకిట్లో దాలమ్మ కాళ్లు చాపి, పాపని పడుకోబెట్టుకుని నూనె రాసింది. నలుగు పెట్టి గోరువెచ్చని నీళ్లు పోసింది.

“తువ్వాలు నేనందిస్తానత్తా,” అంది నీలవేణి దూరం నుంచే.

“అక్కడే ఉండు! ఒక్కడ్ని పాడు సేసినావు, సాలదా?”

నీలవేణి వసారా స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

దాలమ్మ గట్టిగా రెండుసార్లు తుమ్మి, పాప ముక్కుకి నోరు ఆనించి ఊదింది.