ఒక్క వాక్యం అరబ్బీ

"ఆ గాజులేంది, ఆ బొట్టేంది? కాలనీవోళ్లంత నవ్వుతున్నరు!" గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాడు పెనిమిటి అన్న జంగయ్య.

"నవ్వనియ్యి బావా. జర జరుగు, క్లాసుకు టైమైతుంది."

అతను జరగలేదు. ఐలమ్మే పక్కనుంచి దూరి వెళ్ళిపోయింది.

అది ఎనభై నాలుగు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎటు చూసినా కడుతున్న ఇళ్ళే. కట్టే మేస్త్రీలకేమో గల్ఫ్ పిచ్చి. వాళ్ళ కోసం భానుమూర్తి మాస్టారు రేకుల షెడ్డులో అరబ్బీ చెబుతున్నాడు. గుంటూరు మనిషి, అరబ్బు ముఖం తనూ చూసినవాడు కాదు. ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన పుస్తకం సంపాదించి, పిల్లలకంటే ఒక పాఠం ముందు చదువుకుని వచ్చేవాడు. ఆ పిల్లలు పదిహేనుమంది మీసాలవాళ్ళు, ఒక్క ఐలమ్మ.

అందరూ 'జీతమెంత', 'సెలవెప్పుడు' వల్లె వేస్తుంటే ఆమె పన్నెండో పాఠం పట్టుకుని వదల్లేదు. ఇంగ్లీషులో హూ, హూజ్. అరబ్బీలో మగవాడికి అల్లదీ, ఆడమనిషికి అల్లతీ.

"అవన్నీ నీకెందుకమ్మా? ఆయా పనికి 'సరే మేడమ్' వస్తే చాలదూ?"

"ఫలానా పని చేసినోడు, ఫలానా ఆమె అని చెప్పాలంటే గవే గద సార్ కావాలె?"

"చెప్పడానికి దుబాసీ ఉంటాడుగా!"

"దుబాసీ నోరు దుబాసీది. నా నోరు నాకున్నది."

మాస్టారు పన్నెండో పాఠం మళ్ళీ తెరిచాడు. రోజుకో ముక్క అడిగి, నెలరోజుల్లో ఒకే ఒక్క వాక్యం కూర్చుకుంది. అదేమిటో ఆయనకీ చెప్పలేదు.

ఆదివారం ఎల్‌బీ నగర్‌లో ఇంటర్వ్యూలు. కువైట్ కంపెనీ పెద్దమనిషి ఏడాదికొక్కసారి వస్తాడు. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాదే.

మెట్ల మీదే ఏజెంటు జనార్ధన్ అడ్డం వచ్చాడు. "మళ్లొచ్చినవా? నిరుడే చెప్పిన గద, ఆయనకు నీతోని మాట్లాడే తీరిక లేదని! జంగన్నకు చెప్పాల్నా?"

"చెప్పుకో పో!"

కర్టెన్ తోసుకుని లోపలికి నడిచింది. అరబ్బు తలెత్తాడు. దుబాసీ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. కళ్ళు దించలేదు.

నుదుటి బొట్టు మీద వేలు పెట్టి, తడుముకోకుండా అరబ్బీలో అంది: "మీ మేడ మీదినుంచి పడి చనిపోయాడని మీరు టెలిగ్రాం కొట్టిన మేస్త్రీ మట్టయ్య భార్యను నేను, ఆయన్ని బతికో చచ్చో నా కళ్ళకు చూపించేదాకా ఇది తియ్యను."