అరికాలి గుర్తు

యాంగాన్‌లో ఓ కాలేజీ మ్యూజియంలో, దూది కూరిన ఎడారి ఎలుకల కాళ్ళకు చీటీలు రాసి కట్టడం సూర్యావతి పని. అరికాలికి వెంట్రుకలుంటే ఒక జాతి, లేకపోతే ఇంకొకటి. చీటీలో తోక పొడవు, దొరికిన చోటు, తేదీ, ఆఖరున పట్టుకున్నవారి పేరు రాయాలి.

ఇవాళ ఇంట్లో కూర్చుని వేరే ఫారం నింపుతోంది. తమ్ముడు బాబ్జీ ఫోను రిపేరుకని నగరం నడిబొడ్డున ఉన్న పబేడాన్ పేటకి వెళ్ళి పన్నెండు రోజులైంది. తిరిగి రాలేదు. ఆ రోజు అక్కడ సైనికులు కుర్రాళ్ళని పట్టుకుని లారీ ఎక్కించారని పక్కింటివాళ్ళు అన్నారు.

"గుర్తులకి ఏటి రాయనమ్మా?"

"ఎడం అరికాల్లో పుట్టుమచ్చ. సిన్నప్పుడు ఆడికి తానం పోస్తా నువ్వే సూపించినావు కదే."

రాసింది. ఎత్తు రాసింది. ఆఖరిసారి కనిపించిన చోటు, తేదీ రాసింది. అలవాటుగా పెన్ను కింది గడి కోసం జరిగింది.

తప్పిపోయినవారి ఫారంలో, పట్టుకున్నవారి పేరుకు గడి లేదు.