కిటికీల నల్ల కాగితం

“బ్లేడు కింద పెట్టండి. ఆ కిటికీ జోలికి వెళ్లొద్దని చెప్పానా లేదా?”

“పొద్దున్నుంచీ ఇదే పాట. ఇది మనుషులుండే ఇల్లా, గబ్బిలాలుండే కొంపా?” నిచ్చెన మీదున్న భర్త విసుక్కున్నాడు.

అద్దానికి అంటించిన నల్ల కాగితం ఒక మూల అప్పటికే బెత్తెడు ఊడింది. ఆ సందులోంచి ఎండ నేల మీద పడింది. ఆమె పరుగున టేపు తెచ్చింది.

“పోయిన పిల్లతో పాటు నువ్వూ పోతావా ఏంటే, అమ్మాయ్?” అత్తగారు కళ్లొత్తుకుంది. “మన మిణుగురు వెళ్లిపోయి ఏడాది కావస్తోంది. ఇంకా ఎవరి కోసమే ఈ చీకటి?”

ఆమె టేపు ముక్క చింపింది.

మిణుగురు ఆమె కూతురు. పొద్దుగూకాకే గడప దాటేది కాబట్టి తాత ముద్దుగా పెట్టిన పేరు. డాక్టరమ్మ మొదటి రోజే అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. ఎండ అందరి చర్మంలోనూ డీఎన్‌ఏను చింపుతూనే ఉంటుంది. ఆ చిరుగులు కుట్టే దర్జీ మన కణాల్లోనే ఉంటాడు. అతను కుట్టాక కణం తనకు నకలు తీసుకుంటుంది. ఈ పిల్లకు ఆ దర్జీ లేడు. చిరుగులతోనే నకళ్లు, ఆ నకళ్లకు మళ్లీ నకళ్లు. చివరికి కేన్సర్.

“లోపం ఎవరి వైపు నుంచి?” అని అత్తగారు అడిగితే, “ఇద్దరి వైపు నుంచీ” అంది డాక్టరమ్మ.

కంటికి రెప్పలా కాచుకున్నారు. అయినా ఎనిమిదేళ్లకే మిణుగురు ఆరిపోయింది.

కొన్నాళ్లుగా ఆమె పిల్ల గదిలోనే పడుకుంటోంది. అన్నం సహించడం లేదు. మొన్న ఎవరికీ చెప్పకుండా ఎక్కడికో వెళ్లొచ్చింది. రాగానే పిల్ల టోపీలు, చేతి తొడుగులు దులిపి ఉతికింది. ఎండ తీవ్రత కొలిచే మీటరుకు కొత్త బ్యాటరీ వేసి, తలుపు సందుల్లో పెట్టి చూసింది. దిగులుతో మతి చలించిందని ఇంటిల్లిపాదీ గుసగుసలాడుకున్నారు.

“రేపు నిన్ను మంచి డాక్టరుకి చూపిస్తా,” భర్త గొంతు తగ్గించాడు. “ఈ కాగితం మాత్రం ఇవాళ పీకేస్తున్నా.”

“ఆగరా,” అన్నాడు మామగారు. “దాన్నోసారి చెప్పనీ.”

ఊడిన మూలను ఆమె గోటితో నొక్కి నొక్కి అతికించింది. అప్పుడు అందరి వైపూ తిరిగింది.

“నాకు నాలుగో నెల,” అంది నెమ్మదిగా, “మొన్న పరీక్షలో చెప్పారు, ఈ బిడ్డకీ ఆ దర్జీ లేడట, అయినా కంటాను.”