రెక్క కింద బోర్డు

బొల్లారం దారిలో ఉన్న విమానాల మ్యూజియంలో ఊడ్చే పని నాది. గేటు మూసి, చీకటి పడ్డాక, మ్యూజియం మీద వేస్తున్న పుస్తకం కోసమని షంషీర్ అనే ఫొటోగ్రాఫర్ వచ్చాడు. పాత శిక్షణ విమానం ముందు కెమెరా స్టాండు నిలబెట్టాడు.

"గా రెక్క కింది బోర్డు రాకుండ తియ్యి బిడ్డా," అన్నాను.

"వైడ్ లెన్స్ అమ్మా. గోడ నుంచి గోడ దాకా అన్నీ వస్తయ్."

నా ఒళ్ళు మండింది. 'మెకానిక్ ఏసురత్నం నిర్లక్ష్యం వల్ల ఇంజిను అంటుకుని, అతను మరణించాడు' అని ఉంది ఆ బోర్డు మీద. ఏసురత్నం నా భర్త. ఆయిలు కారుతోందని ఆయన మూడుసార్లు రాసిచ్చిన కాగితాలు ఎవరికీ దొరకలేదట. ఆ అబద్ధం చదవడానికే నేను యాభై ఏళ్ళ వయసులో అక్షరాలు దిద్దాను.

షంషీర్ మొదటి ఫొటో చూసుకున్నాడు. "లోపల ఇంకెవరన్న ఉన్నరా?"

"మనిద్దరమే."

కెమెరా తెర మీద, బోర్డుకు అడ్డంగా ఒక మనిషి వీపు.

"అంచుల్లో నీడలు గిట్లనే సాగుతయ్ లే," అని మళ్ళీ నొక్కాడు.

ఈసారి ఆ మనిషి వెనక జేబులో నీలం గుడ్డ వేలాడుతోంది. అది నా పాత చీర కొంగు. నూనె చేతులు తుడుచుకోవడానికి ఆయనకు నేనే చింపి ఇచ్చాను.

విమానం రెక్క మీద స్పానర్‌తో తట్టిన చప్పుడైంది. షంషీర్ ఉలిక్కిపడి బటన్ నొక్కాడు. మూడో ఫొటోలో ఆ మనిషి మా వైపు తిరిగి ఉన్నాడు.

"ఎవరమ్మా ఈయన?"

"బోర్డు మీది పేరు పుస్తకంల అచ్చేస్తున్నవ్ గదా," అన్నాను. "నిర్లక్ష్యం ఎవరిదో, ఆయన్నే అడుగు."