గరుకు అక్షరాలు

చెక్క ‘క’ గాల్లోకి లేచి, గోడకు తగిలి, సోఫా కిందికి దూరిపోయింది.

“విసరకు నాన్నా! పొద్దున్నుంచి ఎన్నోసారి ఇది?” అంది ఆమె, మోకాళ్ళ మీద వంగి సోఫా కింద చెయ్యి పెట్టి వెతుకుతూ.

“నాకొద్దీ ఆట. ఇది చంటిపిల్లలాట!”

“అంత చంటిపిల్లలాటైతే గెలిచి చూపించు మరి.”

మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు పెంకిఘటం. కోపమొచ్చినప్పుడల్లా ఆమె అనే మాట అది. అనీ అనీ పేరై కూర్చుంది. పేరుకు తగ్గట్టే ఉంది వ్యవహారం కూడా.

జబ్బు చేసి, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదలైన తంటా ఇది. మాటకు లోటు లేదు, మొండితనానికి అసలే లోటు లేదు. అక్షరాలు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. పుస్తకం తెరిస్తే చీమలు పాకుతున్నట్టుందని ఒకటే గోల. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. “కంటితో పట్టుబడకపోతే వేలితో పట్టించండి. చేత్తో తడమాలి, నోటితో పలకాలి,” అని ఉపాయం కూడా చెప్పాడు.

పండగ సెలవులైపోయి సోమవారం బడి తెరుస్తారు. హెడ్మిస్ట్రెస్ ఫోన్లో ఖరాఖండిగా చెప్పేసింది. “శనివారం తీసుకురండి. వాచకంలో ఒక్క పేజీ చదివితే సరే, ఒకటో తరగతికి పంపుతాను. లేదంటే ఈ ఏడాదికి ఇంట్లోనే.”

ఇంకేముంది, ఆమె కొంగు నడుముకు చుట్టింది. వడ్రంగి చేత చెక్క అక్షరాలు కోయించింది. గుళ్ళు, కొమ్ములు, ఒత్తులు విడివిడిగా చేయించింది. గరుకు కాగితం అక్షరాలుగా కత్తిరించి అట్టల మీద అంటించింది. వేలితో రాయడానికి పళ్ళెంలో ఇసుక పోసింది. ఆఖరికి దుప్పట్లు దులిపినా ఇసుకే.

మొదటిరోజు అట్టలు వరసగా పేర్చితే ‘అ’ నుంచి ‘ఱ’ దాకా గడగడా అప్పజెప్పేశాడు. ఆమె ఉబ్బితబ్బిబ్బయిపోయి పక్కింటావిడను పిలిచి మరీ చెప్పింది. తీరా మధ్యలోంచి ‘మ’ తీసి చూపిస్తే తెల్లమొహం! నోటికొచ్చిన వరస వల్లించాడే తప్ప కంటికి ఒక్క అక్షరమూ ఆనలేదు. చిలక పలుకులకు మురిసిపోయానే అని ఆమె తనను తనే తిట్టుకుంది.

ఆనాటి నుంచి వరసకు సెలవు. అక్షరాలన్నీ ఒక సంచీలో పోసి కలిపేసింది. లోపల చెయ్యి పెట్టాలి, చూడకుండా తడమాలి, ధ్వని పలకాలి. సరిగ్గా పలికితేనే బిస్కెట్. బిస్కెట్ అనేసరికి ఎక్కడలేని చురుకూ వచ్చేసింది.

“మ్... మ!”

“శభాష్! దీనికి గుడి తగిలించు.”

“మి. ఏదీ బిస్కెట్?”

“ఇవాళ్టికి ఇదే ఆఖరు. డాక్టరు గారు ఏమన్నారు?”

“ఆయనకేం పోయింది, చెబుతాడు!”

ఆమె అటు తిరగ్గానే ఇంకో బిస్కెట్ జేబులోకి జారింది. చూసి కూడా చూడనట్టే ఊరుకుంది ఆమె.

ఇదంతా చూసి పక్కింటావిడకు జాలేసింది. “ఎందుకమ్మా ఇద్దరికీ ఇంత అవస్థ? హాయిగా బడి మానిపించెయ్యరాదూ?” అంది.

ఆ మాట తలుపు చాటు నుంచి పెంకిఘటం చెవిన పడనే పడింది. సాయంత్రం దాకా సంచీ ముడితే ఒట్టు. దీపాలు పెట్టాక మెల్లగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నన్ను బడి మానిపిస్తావా?” కళ్ళనిండా నీళ్ళు.

“నా కంఠంలో ప్రాణముండగా మానిపించను. ఏడుపు ఆపి ఆ సంచీ పట్టుకురా,” అంది, తనూ కళ్ళు తుడుచుకుంటూ.

శనివారం రానే వచ్చింది. హెడ్మిస్ట్రెస్ వాచకం తెరిచి పేజీ మీద వేలు పెట్టింది. “ఊఁ, ఇక్కణ్ణుంచి.”

మళ్ళీ చీమలే. నుదుటి మీద చెమట పట్టింది. ఆమె కొంగు నలిపేస్తోంది, మాట అందివ్వడానికా వీల్లేదు. అప్పుడు పెంకిఘటం చూపుడువేలు నెమ్మదిగా కాగితం మీదికి పాకింది. అక్షరం వంపు వెంబడే ఒక చుట్టు తిరిగింది.

“మ... మబ్బు. మబ్బు... వచ్చింది. వాన... రాలేదు.”

పేజీ చివరికి చేరేసరికి ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

“మధ్యలో ఆ వేలేమిటి?” అడిగింది హెడ్మిస్ట్రెస్.

“వేలు తడిమి చెబితే గానీ కంటికి తెలియదండీ,” అంది ఆమె బెరుగ్గా.

“పోనిద్దురూ! ఒకటో తరగతిలో వేలు పెట్టకుండా చదివేదెవరు? సోమవారం పంపించండి.”

సోమవారం పొద్దున్నే తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేయించి, బడిలో తరగతి గుమ్మం దాకా తీసుకెళ్ళింది ఆమె. అక్కడ చెయ్యి విడిపించుకున్నాడు పెంకిఘటం.

“ఇక నువ్వెళ్ళు. చూస్తే నవ్వుతారు.”

“భయమేస్తోందా?”

“భయమా, నాకా?” అన్నాడే గానీ కాళ్ళు కదల్లేదు. ఆమె వీపు మీద మెల్లగా తట్టింది.

తలుపు తోసి లోపల అడుగు పెట్టాడో లేదో, బెంచీల మీది పిల్లలంతా ఒక్కసారిగా లేచి నిలబడి, “మాస్టారూ, మీకు జబ్బు తగ్గిపోయిందా?” అని ఒకే గొంతుతో అరిచారు.