తారీకు మార్చే చార్జి

"మా మామ టికెట్టు మళ్ళా పాత తారీకుకే మార్చాలె అన్నా. ఇయ్యాల్నే మార్చాలె," అంది సుష్మిత, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

కామారెడ్డి బస్టాండు ఎదుట ఉన్న ఆ విమాన టికెట్ల దుకాణంలో, మామకు ఆ టికెట్టు అమ్మిన ప్రేమ్‌కుమార్ ఒక్కడే ఉన్నాడు. తారీకు ఒకసారి మారిస్తే ఎనిమిది వేలనీ, వెనక్కి మారిస్తే మళ్ళీ ఎనిమిది వేలనీ, విమానం వెళ్ళిపోయాక వస్తే టికెట్టే పోతుందనీ అతడు అలవాటైన గొంతుతో చెప్పాడు. రక్తసంబంధీకులు మరణించినప్పుడు మాత్రం ధ్రువపత్రం చూపిస్తే కంపెనీ చార్జి వదులుకుంటుందని చివర చేర్చాడు.

"మీ ఇంట్ల గట్లనేమన్న అయిందా, చెల్లె?"

"వాళ్ళక్క సచ్చిపోయిందని వినే ఆయన తారీకు మార్చుకున్నడు."

"ఇంకేంది మరి. సర్టిఫికెట్ తేండ్రి, మాఫ్ అయితది."

"సర్టిఫికెట్ యాడికెల్లి తేవాలె అన్నా? పొద్దుగాల చాయ్ పోసిచ్చి నన్ను బస్సెక్కించిందే ఆమె."

ప్రేమ్‌కుమార్ చేతిలోని పెన్ను కింద పెట్టాడు. సుష్మిత తల వంచుకొని జరిగినదంతా చెప్పింది.

నిన్న ఉదయం ఎల్లారెడ్డిలో, రోడ్డు మీద వడ్లు ఆరబోస్తుండగా, ఆమె అత్త కమలవ్వ తలను కాకి తన్నింది. అది ప్రాణగండమనీ, అయినవాళ్ళకు చావు కబురు పంపి, వాళ్ళు ఏడ్చిన వెంటనే నిజం చెబితే ఆ గండం కన్నీళ్ళతో కొట్టుకుపోతుందనీ పక్కింటి భూదవ్వ గుర్తు చేసింది. కబురు ఎవరికన్న ప్రశ్నకు కమలవ్వ క్షణమైనా ఆలోచించలేదు. దుబాయిలో పనిచేస్తున్న తమ్ముడు మల్లయ్య ఏడ్చినట్టు తన కోసం మరెవరూ ఏడవరని ఆమె నమ్మకం. ఫోన్ చేసే పని కోడలి మీద పడింది.

ఆ పనిని సుష్మిత అవసరానికి మించి చక్కగా చేసింది. కొంచెం తక్కువగా ఏడ్చి ఉంటే మల్లయ్య నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. ఆ నాలుగు ప్రశ్నల మధ్య నిజం చెప్పే వీలు దొరికేది. అతడు ఒక్కటీ అడగలేదు. "వస్తున్న బిడ్డా. నేనొచ్చేదాక మట్టి చెయ్యకుండ్రి," అని పెట్టేశాడు. ఆ తరువాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదు. వచ్చే నెల ఇరవయ్యో తారీకున సెలవు మీద రావలసినవాడు టికెట్టును ముందుకు మార్పించుకొని విమానాశ్రయానికి వెళ్ళి ఉంటాడని ఇంట్లో నిర్ధారణకు వచ్చారు. చార్జి పోతుంది, సెలవూ పోతుంది. తీరా వచ్చి చూస్తే అక్క వడ్లు కుప్ప చేస్తూ కనిపిస్తుంది.

సుష్మిత కొంగు ముడి విప్పి ఎనిమిది వేలు బల్ల మీద పెట్టింది. అవి కమలవ్వ దాచుకున్న నాలుగు నెలల పింఛను.

"బతికున్న మనిషిని నా నోటితోని సంపిన. గా దండుగ ఆయన నెత్తిన పడితే, రేపు ఆయన ముఖం ఎట్ల చూడాలె?"

ప్రేమ్‌కుమార్ నవ్వలేదు. ఆమె ఫోన్‌లో ఉన్న టికెట్టు ఫోటో చూసి నంబరు కంప్యూటర్‌లో కొట్టాడు. కొంతసేపు తెరను చూసి, కళ్ళద్దాలు తీసి, ఆమెకు ఏదో చెప్పాడు. అది విని సుష్మిత ఇంకేమీ అడగకుండా వచ్చి ఎల్లారెడ్డి బస్సెక్కింది.

కమలవ్వ గడపలోనే ఎదురైంది.

"ఆగిండా?"

"ఆగిండు అత్తా. మళ్ళ ఇరవయ్యో తారీకుకే ఉన్నది టికెట్టు."

"పైసలు?"

"కట్టిన," అంది సుష్మిత, చెప్పులు విడుస్తూ.

ఎవరు రాకున్నా తన తమ్ముడు రెక్కలు కట్టుకొని వస్తాడని నిన్ననే చెప్పానని కమలవ్వ గోడకు అవతల ఉన్న భూదవ్వకు వినిపించేలా అంది. ఆమె గొంతులో చార్జి పోయిన బాధ కంటే గర్వమే ఎక్కువగా ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. మల్లయ్య. సుష్మిత స్పీకర్ పెట్టి, కాకి సంగతి, కబురు సంగతి దాచకుండా చెప్పి, క్షమించమంది. అవతల అతడు ఏడ్చాడు.

"ఎయిర్‌పోర్టులనే ఉన్న బిడ్డా," అన్నాడు చివరకు. "లోపలికి పొయ్యేటోన్నే. ఇగ రూముకు మర్లిపోత."

కమలవ్వ ఫోన్ అందుకుంది. "తమ్మీ, నా పానం కోసం నీకు ఖర్చాయె. మళ్ళ మార్చిన చార్జి నేనే ఇచ్చిన. సుష్మిత కామారెడ్డికి పోయి ప్రేమ్‌కుమార్ తాన కట్టొచ్చింది."

ఏడుపు ఆగిపోయింది.

"ప్రేమ్‌కుమార్... ఏమన్నడు బిడ్డా?"

కమలవ్వ కోడలి ముఖంలోకే చూస్తోంది.

"ఏమంటడు మామా. పైసలు తీసుకున్నడు, తారీకు మార్చిండు," అంది సుష్మిత.

ఆమె కొంగు ముడిలో ఎనిమిది వేలూ అలాగే ఉన్నాయి, చెవుల్లో ప్రేమ్‌కుమార్ చెప్పిన మాట కూడా అలాగే ఉంది: "మీ మామ తారీకు మార్చనే లేదు చెల్లె, నిన్న ఫోన్ జేసి, చావు మాట ఎత్తకుండ చార్జి ఎంతని అడిగిండు, ఎనిమిది వేలంటే 'గంతనా, అయితే ఇరవయ్యో తారీకే ఉండనీ' అన్నడు."