జాలి కలగని మనిషి

“కథ బాగుందండీ. కానీ మీ కథానాయకుడి మీద జాలి కలగడం లేదు,” అన్నాడు సంపాదకుడు ఫోన్లో.

లక్ష్మీకుమారి ప్రాణం ఉసూరుమంది. “జాలి కలగడం లేదా? మళ్ళీ అదే మాట!” అంది వరండాలోంచి గట్టిగా.

కథలో పేరు మార్చింది గానీ, ఆ మనిషి అచ్చంగా ఆమె తండ్రి హరనాథబాబే. ఓ ఎండాకాలం, నీళ్ళ వంతు తండావాళ్ళదైతే, కాలువకు గడ్డిమోపులు అడ్డం వేసి తన వరిచేలోకి మళ్ళించుకున్నాడు. దిగువన భద్రు పొలం నిలువునా ఎండిపోయింది. భద్రు పురుగులమందు తాగి చచ్చిపోయాడు.

ఆ దిగులుతోనే కుమిలి కుమిలి హరనాథబాబు కిందటేడు పోయాడు.

నాన్నను ఒక్కరైనా క్షమించాలి. అందుకే ఆమె ఈ కథను పట్టుకుని వేళ్ళాడుతోంది. కథలో ఆయనచేత కుక్కలకు అన్నం పెట్టించింది, బీదలకు చీరలు పంచించింది. ఊహూఁ, ఎవరి మనసూ కరగలేదు.

“బిడ్డా, హరనాథ్ బాబు ఉన్నడా?”

గేటు దగ్గర ఓ ముసలమ్మ. ఎండకు వడలిపోయి ఉంది.

“నాన్నగారు పోయి ఏడాదైందమ్మా.”

ముసలమ్మ అక్కడే చతికిలబడింది. “అయ్యో! ముందుగాల గూడ వచ్చిన బిడ్డా. పానం బాగలేదు, పో అన్నరు.”

ఏదో సాయానికి వచ్చి ఉంటుందని పొమ్మన్నది లక్ష్మీకుమారే. ఇప్పుడు మళ్ళీ పొమ్మనడానికి మనసొప్పక మంచినీళ్ళిచ్చింది.

“ఫోన్ల ఎవల మీద జాలి లేదంటుండ్రు?”

“కథలో మనిషి మీదమ్మా. వంతు కాని నీళ్ళు తీసుకున్నాడు. దిగువ రైతు చచ్చిపోయాడు. ఆయన ఎంత మంచివాడని రాసినా ఎవరూ నమ్మడం లేదు.”

ముసలమ్మ గ్లాసు కింద పెట్టింది.

“మంచోడని ఎందుకు రాస్తవ్? తప్పు జేసిండు గద. గట్లనే రాయి.”

“మరి జాలెలా కలుగుతుంది?”

“పీనుగ లేవకముందే తండకు వచ్చిండు. అడ్డమేసింది నేనే అన్నడు. మస్తు కొట్టిండ్రు, తలకాయ పలిగింది. చెయ్యి గూడ అడ్డం పెట్టుకోలే. గది రాయి.”

“అబ్బే, అదంతా నాటకంలా ఉంటుందమ్మా,” అంది లక్ష్మీకుమారి విసుగ్గా.

“నీ ఇష్టం బిడ్డా. ఆయనకు చెప్దామనుకున్న మాట నా కాడనే ఉండిపాయె.”

ముసలమ్మ లేచి, వీధిలో వెళ్తున్న ఆటో ఆపి ఎక్కింది.

అప్పుడు గుర్తొచ్చింది లక్ష్మీకుమారికి. భద్రు పోయిన రోజునే నాన్న తలకు కట్టుతో ఇంటికొచ్చాడు. బండి మీంచి పడ్డానన్నాడు. అందరూ నమ్మారు.

ఒక్క ఉదుటున వీధిలోకి పరుగెత్తింది. ఆటో మలుపు తిరిగిపోయింది.

“నగేశ్! ఎవరా ముసలమ్మ?” అనరిచింది ఎదుటి కిరాణా కొట్టు వైపు.

“చాంద్రవ్వ అక్కా. నిరుడు వచ్చినప్పుడు ‘నీ మీద కోపం లేదు, ఫికర్ జెయ్యకు’ అని బాబుకు చెప్పిపోతనన్నది.”

“కోపమా? ఆమెకెందుకు కోపం?”

నగేశ్ ఆమె ముఖంలోకి వింతగా చూశాడు.

“గదేందక్కా, ఎరుక లేదా? భద్రు తల్లి గద!”